స్పానిష్‌లో తొలి పరిచయం: పేరు, ఊరు, వయసు, ఫోన్ నంబరు – తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్ళుగా తెలుగువాళ్ళకు స్పానిష్ మొదటి మెట్టు పాఠాలు చెబుతున్నాను. పై చదువుకు స్పెయిన్ వెళ్ళేవాళ్ళు, డాలస్‌లో పక్కింటి మెక్సికో కుటుంబంతో నాలుగు మాటలు కలపాలనుకునేవాళ్ళు, ఆఫీసులో కొలంబియా టీముతో రోజూ కాల్స్ ఉన్నవాళ్ళు, ఎవరైనా సరే మొదటి నెలలో అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీద: స్పానిష్‌కి ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి, తెలుగు నుంచి నేరుగా వెళ్ళండి. పరిచయాల దగ్గర ఆ దారి చాలా దగ్గర.

స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. ఏ అక్షరం మీద ఊనిక పడుతుందో అక్కడ దీర్ఘం పెట్టాను. దాన్ని సాగదీయక్కర్లేదు, కాస్త నొక్కి పలికితే చాలు.

పేరు ఎలా అడగాలి? ఎలా చెప్పాలి?

"కోమొ తె యామస్?" అంటే "నీ పేరేంటి?" అని. విడదీసి చూస్తే "నిన్ను నువ్వు ఏమని పిలుచుకుంటావు?" అని అర్థం. జవాబు: "మె యామొ సునీత." "సోయ్ సునీత" (నేను సునీతను) అన్నా సరే, "మి నోంబ్రె ఎస్ సునీత" అన్నా సరే. మాటల్లో మొదటి రెండే ఎక్కువగా వినిపిస్తాయి.

ఇక్కడ అందరూ చేసే తప్పు "మె యామొ ఎస్ సునీత". ఇంగ్లీషులోని "మై నేమ్ ఈజ్" తలలో తిరుగుతూ ఉండటం వల్ల ఆ "ఎస్" వచ్చి చేరుతుంది. "యామొ"యే క్రియ, దాని పక్కన ఇంకో క్రియ అక్కర్లేదు. ఇంకో తప్పు "మి యామొ". "మి" అంటే నా, "మె" అంటే నన్ను. ఇక్కడ కావలసింది "నన్ను".

మీ పేరు చెప్పి ఊరుకోకండి. వెంటనే "ఇ తూ?" అనండి, "మరి నువ్వు?" అని. పెద్దవాళ్ళయితే "ఇ ఉస్తేద్?". ఈ రెండు చిన్న మాటలు వస్తే సగం సంభాషణ నడిచిపోతుంది. వాళ్ళు అడిగిన ప్రశ్ననే మళ్ళీ పూర్తిగా కూర్చుకునే శ్రమ ఉండదు.

పేర్లు చెప్పుకున్నాక "మూచొ గూస్తొ" అంటారు, కలిసినందుకు సంతోషం అని. ఇదే అర్థంలో మగవాళ్ళు "ఎన్కంతాదొ", ఆడవాళ్ళు "ఎన్కంతాద" అనొచ్చు. చివరి అచ్చు మాట్లాడేవాళ్ళను బట్టి మారుతుంది, ఎదుటివాళ్ళను బట్టి కాదు. బదులుగా "ఇగ్వల్మేంతె" అంటే సరిపోతుంది, "నాకూ అంతే" అన్నట్టు.

ప్రతి వాక్యం ముందు "యో" అనాలా?

అక్కర్లేదు. "యో" అంటే నేను. "గుంటూరులో ఉంటాను" అన్నప్పుడు "నేను" అని విడిగా చెప్పం కదా, "ఉంటాను"లోనే నేను ఉన్నాను. స్పానిష్ కూడా అంతే: "బీబొ ఎన్ గుంటూరు." చివరి "ఒ"లోనే నేను ఉంది. "బీబెస్" అంటే నువ్వు ఉంటావు, "బీబె" అంటే అతను, ఆమె లేదా తమరు. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్ళు ప్రతి వాక్యానికీ "యో" తగిలిస్తారు. విన్నవాళ్ళకు అది "నేనైతే గుంటూరులో ఉంటాను" అని ఎవరితోనో పోటీకి దిగినట్టు వినిపిస్తుంది. నొక్కి చెప్పాల్సిన చోట మాత్రమే "యో" వాడండి.

"తూ", "ఉస్తేద్" అంటే మన నువ్వు, మీరు అనుకోవచ్చా?

చాలావరకు అనుకోవచ్చు. ఇది తెలుగువాళ్ళకు దొరికిన వరం. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్ళకు ఈ తేడా అర్థమవడానికే వారాలు పడుతుంది.

"ఉస్తేద్" పుట్టుక కూడా మనకు దగ్గరగానే ఉంటుంది. "బుఏస్త్ర మెర్సేద్" అనే పాత గౌరవ పదం నలిగి నలిగి "ఉస్తేద్" అయింది. మన పెద్దలు "తమరు", "ఏలినవారు" అన్నట్టే అదీ. ఎదుటి మనిషిని నేరుగా కాక దూరంగా నిలబెట్టి పిలవడం కాబట్టి దాని పక్కన క్రియ మూడో మనిషి గురించి చెప్పినట్టే ఉంటుంది: "ఉస్తేద్ బీబె", "ఆమె బీబె", రెండూ ఒకటే రూపం. ఇది విచిత్రంగా అనిపిస్తే "మీరు ఉంటారు", "వారు ఉంటారు" పక్కపక్కన పెట్టి చూడండి. మన క్రియ కూడా మారలేదు.

తేడా వాడుకలో ఉంది. స్పెయిన్‌లో దుకాణంలోనూ, ఆఫీసులోనూ, కొత్తగా కలిసిన తోటివయసు వాళ్ళతోనూ తొందరగా "తూ"లోకి వచ్చేస్తారు. చాలామంది ప్రొఫెసర్లను కూడా విద్యార్థులు "తూ" అనే పిలుస్తారు. మన పెంపకంలో నోరు రాదు, నాకూ చాన్నాళ్ళు రాలేదు. కొలంబియాలో దీనికి భిన్నంగా చాలా ప్రాంతాల్లో స్నేహితుల మధ్య, ఇంట్లో వాళ్ళ మధ్య కూడా "ఉస్తేద్" వినిపిస్తుంది. అక్కడ అది దూరం కాదు, అలవాటు. అర్జెంటీనా, ఉరుగ్వేలలో "తూ" బదులు "బోస్" అంటారు: "దె దోందె సోస్?", "కోమొ తె షమాస్?". మనం "య" అని నేర్చుకున్న చోట బ్యూనస్ ఎయిరిస్ వాళ్ళు "ష" పలుకుతారు.

సందేహం వస్తే "ఉస్తేద్"తో మొదలుపెట్టండి. "తూ అనొచ్చు" అని వాళ్ళే చెబుతారు.

వయసు చెప్పేటప్పుడు "సోయ్" అనాలా, "తేంగొ" అనాలా?

"తేంగొ", అంటే "నాకు ఉంది". ప్రశ్న "క్వాంతొస్ ఆఞొస్ తియేనెస్?". మాటకు మాట చూస్తే "నీకు ఎన్నేళ్ళు ఉన్నాయి?" అని. జవాబు "తేంగొ బెయిన్తిసీంకొ ఆఞొస్": నాకు పాతికేళ్ళు. తెలుగులో "నేను పాతిక" అనం, "నాకు పాతిక" అంటాం. ఇంగ్లీషును తలచుకున్న క్షణంలో "సోయ్ బెయిన్తిసీంకొ" వచ్చేస్తుంది, అది తప్పు.

రెండు జాగ్రత్తలు. "ఆఞొస్"లో ఉన్నది మన "ఞ". అచ్చుపుస్తకాల్లో తప్ప ఎక్కడా కనబడదనుకునే ఈ అక్షరానికి స్పానిష్‌లో రోజూ పని ఉంది. దాన్ని మామూలు "న"గా పలికితే "ఆనొ" అవుతుంది, అది మలద్వారానికి పేరు. రాసేటప్పుడు కూడా ఆ అక్షరం మీది అల గుర్తు మరవకండి. రెండోది, ఇరవై ఒకటి వయసైతే "బెయిన్తియూనొ" కాదు, "బెయిన్తియూన్ ఆఞొస్". నామవాచకం ముందు "ఊనొ" తోక పోతుంది.

అరవై "సెసేంత", డెబ్బై "సెతేంత". అమ్మానాన్నల వయసు చెప్పేటప్పుడు నా విద్యార్థులు అందరూ ఇక్కడ తడబడతారు. ఆరు "సేయిస్" కాబట్టి రెండు "స"లు ఉన్నది అరవై, ఏడు "సియేతె" కాబట్టి "త" ఉన్నది డెబ్బై.

"ఎక్కడివాళ్ళు?" అన్నదానికి ఏం చెప్పాలి?

"దె దోందె ఏరెస్?" అని అడుగుతారు. "సోయ్ దె ల ఈందియ, దె విజయవాడ" అనండి. "దె" అంటే "నుంచి", "యొక్క" రెండూ.

"సోయ్ ఈందియొ" లేదా "సోయ్ ఈందియ" అనడం వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. కానీ లాటిన్ అమెరికాలో ఆ మాట అక్కడి ఆదివాసులకూ వాడతారు, కొన్నిచోట్ల తిట్టుగా కూడా. "దె ల ఈందియ" అంటే ఏ గొడవా లేదు. మెక్సికో లాంటి చోట్ల "ఏరెస్ ఇందూ?" అని అడుగుతారు. వాళ్ళు చాలాసార్లు అడుగుతున్నది మీ మతం కాదు, మీ దేశం. నా విద్యార్థుల్లో ఒక ముస్లిం అమ్మాయి ఈ ప్రశ్నకు ఏమనాలో తెలియక ఇబ్బంది పడింది. "సీ, సోయ్ దె ల ఈందియ" అంటే సరిపోతుందని చెప్పాను.

పుట్టిన ఊరు వేరు, ఉంటున్న ఊరు వేరు అయితే మూడు క్రియలు మూడు పనులు చేస్తాయి. "సోయ్ దె తెనాలి": మాది తెనాలి. "బీబొ ఎన్ హైదరాబాద్": నివాసం హైదరాబాద్. "ఎస్తోయ్ ఎన్ మద్రీద్": ప్రస్తుతం మద్రీద్‌లో ఉన్నాను. "సోయ్" మనిషితో ఉండిపోయేది, "ఎస్తోయ్" ఇప్పుడున్న చోటు, స్థితి.

భాషల సంగతి వస్తే "కే ఇదియోమస్ ఆబ్లస్?". జవాబు "ఆబ్లొ తెలుగు, హిందీ, ఇంగ్లేస్ ఇ ఉన్ పోకొ దె ఎస్పఞోల్". తెలుగు అంటే ఏమిటని అడిగితే "ఎస్ ఉన లేంగ్వ దెల్ సూర్ దె ల ఈందియ" అని గర్వంగా చెప్పండి, దక్షిణ భారతదేశపు భాష అని.

ఏం చేస్తుంటారో ఎలా అడగాలి?

"అ కే తె దెదీకస్?" అనేది అందమైన ప్రశ్న, "దేనికి నిన్ను అంకితం చేసుకున్నావు?" అన్నట్టు. "ఎన్ కే త్రబాఖస్?" అన్నా సరే. జవాబులో వృత్తి ముందు "ఒక" పెట్టకండి: "సోయ్ ఇంఖెనియేరొ", ఆడవాళ్ళయితే "సోయ్ ఇంఖెనియేర". తెలుగులో "నేను ఇంజనీర్ని" అంటాం, "నేను ఒక ఇంజనీర్ని" అనం. విద్యార్థి అయితే "సోయ్ ఎస్తుదియాంతె", దీనికి ఆడ మగ తేడా లేదు.

నా పేరు వాళ్ళ నోట్లో ఎందుకు మారిపోతోంది?

వాళ్ళు మీ పేరును అగౌరవపరచడం లేదు. రాసిన అక్షరాన్ని వాళ్ళ భాష చదివించే తీరే అది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన "హరీష్" వాళ్ళకు "అరీస్", ఎందుకంటే స్పానిష్‌లో ఆ మొదటి అక్షరం పలకదు. "జ్యోతి" వాళ్ళకు "ఖియోతి", జె అక్షరానికి వాళ్ళ పలుకు ఉర్దూ "ఖబర్"లోని ఖ లాంటిది. "వెంకట్" అయితే "బెంకత్", బ, వ వాళ్ళకు ఒకటే ధ్వని. "స్నేహ" పాపం రెండు చోట్ల దెబ్బ తింటుంది: ముందు "ఎ" చేరుతుంది, తర్వాత "హ" పోతుంది, మిగిలేది "ఎస్నేఅ".

దీనికి మందు ఉంది. మీ పేరులో "హ" ఉంటే "సె ప్రొనూంసియ కోన్ ఖోత" అనండి, "ఖోత, అంటే జె అక్షరంతో పలకాలి" అని. వాళ్ళ భాషలో "హ"కు అన్నిటికన్నా దగ్గరది ఆ ధ్వనే. కరీబియన్ దీవుల వాళ్ళ నోట్లో అది అచ్చంగా మన "హ"లాగే ఉంటుంది. పేరులో "జ" ఉంటే "కోన్ యే" అనండి, వై అక్షరంతో అని. మాట మొదట్లో వాళ్ళ "య" చాలామంది నోట "జ"కు దగ్గరగా వస్తుంది. జ్యోతి "యోతి" అవుతుంది, "ఖియోతి" కన్నా ఎంతో నయం. పేరు మార్చేసుకుని ఏ "మరీయ"గానో చలామణీ అయిపోవడం నాకు ఇష్టం ఉండదు. మీ పేరు మీరే ఓపిగ్గా నేర్పండి, రెండు మూడుసార్లకు వాళ్ళకు వచ్చేస్తుంది.

మన వైపు నుంచి చూస్తే ఉచ్చారణలో మనకు కష్టం తక్కువ. వాళ్ళ అచ్చులు అయిదే, అన్నీ మన దగ్గర ఉన్నవే. "త", "ద" మన దంత్యాలే, కాబట్టి ఇంగ్లీషు అలవాటుతో "టె యామస్" అనకండి. "ర"లో రెండు రకాలు ఉంటాయి: మామూలు "ర", గట్టిగా దొర్లించే "ఱ" లాంటిది. "పేరొ" అంటే కానీ, "పేర్రొ" అంటే కుక్క.

పేరును అక్షరం అక్షరంగా చెప్పమంటే?

"కోమొ సె ఎస్క్రీబె?" అని అడుగుతారు, ఎలా రాస్తారని. ఇక్కడ పెద్ద గొయ్యి ఉంది. ఇంగ్లీషు మొదటి అక్షరాన్ని మనం "ఏ" అంటాం. స్పానిష్ మనిషి "ఏ" వింటే ఇంగ్లీషు "ఈ" అక్షరం రాస్తాడు. మనం "ఈ" అంటే "ఐ" అక్షరం రాస్తాడు. మనం "ఐ" అంటే రెండు అక్షరాలు రాస్తాడు. పేరు ముక్కలైపోతుంది.

కాబట్టి అయిదు అచ్చుల పేర్లు ముందు బట్టీ పట్టండి: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. తర్వాత మన పేర్లలో తరచుగా వచ్చేవి: "ఆచె" అంటే ఆ పలకని హెచ్, "ఖోత" అంటే జె, "ఖే" అంటే జి, "కా" అంటే కె, "ఏసె" అంటే ఎస్, "ఏర్రె" అంటే ఆర్, "ఊబె" అంటే వి, "యే" లేదా "ఈ గ్రియేగ" అంటే వై. డబ్ల్యూకు స్పెయిన్‌లో "ఊబె దోబ్లె", మెక్సికోలో "దోబ్లె ఉ". "రవి" అంటే "ఏర్రె, ఆ, ఊబె, ఇ". ఒకసారి అద్దం ముందు మీ పూర్తి పేరు ఇలా చెప్పి చూడండి. తడబడకుండా వచ్చేవరకు వదలకండి. విమానాశ్రయంలో, బ్యాంకులో, ఆసుపత్రిలో మొదట అవసరపడేది ఇదే.

అక్షరమాలలో ఉన్నవి 27 అక్షరాలు. పాత పుస్తకాల్లో "చె", "ఏయె" అనే జంట అక్షరాలు కూడా కలిపి లెక్కపెట్టేవారు. 2010లో వచ్చిన రాత నియమాల్లో వాటిని అక్షరమాల నుంచి తీసేశారు.

వాళ్ళకు రెండు ఇంటిపేర్లు ఎందుకు? మన ఇంటిపేరు ఎక్కడ రాయాలి?

పేరు "నోంబ్రె", ఇంటిపేరు "అపెయీదొ". స్పెయిన్‌లోనూ, లాటిన్ అమెరికాలో చాలా దేశాల్లోనూ ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి: ఆనవాయితీగా మొదటిది నాన్నది, రెండోది అమ్మది. టెన్నిస్ ఆటగాడు నదాల్ పూర్తి పేరు రఫయేల్ నదాల్ పరేర. నదాల్ నాన్నగారి ఇంటిపేరు, పరేర అమ్మగారిది. చిత్రకారుడు పికాసోకు నాన్న వైపు ఇంటిపేరు రుయీస్, ప్రపంచానికి తెలిసిన "పికాసొ" అమ్మ ఇంటిపేరు. 2017 జూన్ 30 నుంచి స్పెయిన్‌లో నాన్న ఇంటిపేరే ముందుండాలన్న ఆనవాయితీకి చట్టంలో ప్రాధాన్యం లేదు. బిడ్డ పుట్టినప్పుడు ఏది ముందో తల్లిదండ్రులు ఒప్పుకుని రాయించాలి.

పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. మొగుడూ పెళ్ళాలకు వేర్వేరు ఇంటిపేర్లు ఉండటం అక్కడ మామూలు. పెళ్ళితో ఇంటిపేరు మారిన మన ఆడవాళ్ళే అక్కడ వివరించుకోవాల్సి వస్తుంది.

మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. వాళ్ళకు పేరు ముందు, ఇంటిపేర్లు తర్వాత. ఎవరైనా "కోమొ తె యామస్?" అంటే ఇంటిపేరుతో మొదలుపెట్టకండి, అదే మీ పేరనుకుంటారు. స్పెయిన్‌లో ఒక ఆఫీసులో నా పేరును ఇంటిపేరు గడిలోనూ, ఇంటిపేరును పేరు గడిలోనూ ఎక్కించారు. సరిచేయించుకోవడానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది, ఆ వారం పడ్డ ఆందోళన ఇంకా గుర్తుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను: నోటితో చెప్పేటప్పుడు "మి నోంబ్రె ఎస్ ఫలానా, మి అపెయీదొ ఎస్ ఫలానా" అని విడగొట్టి చెప్పండి. రెండో ఇంటిపేరు ఏదని అడిగితే "సోలొ తేంగొ ఉన్ అపెయీదొ" అనండి, నాకు ఒక్కటే ఉంది అని. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయించండి, అమ్మ పుట్టింటి పేరు తెచ్చి అతికించకండి.

ఫోన్ నంబరు ఎలా ఇచ్చిపుచ్చుకోవాలి?

"క్వాల్ ఎస్ తు నూమెరొ దె తెలేఫొనొ?" ఇంగ్లీషులో "వాట్" ఉందని "కే ఎస్" అనకండి. "నీ నంబరు ఏది?" అని అడుగుతున్నాం, అందుకే "క్వాల్", అంటే ఏది. తెలుగులో "ఫోన్ నంబరు ఎంత?" అంటాం కదా అని "క్వాంతొ" కూడా అనకండి.

స్పెయిన్ నంబర్లకు తొమ్మిది అంకెలు, మొబైల్ అయితే 6తో గానీ 7తో గానీ మొదలవుతుంది, దేశం కోడ్ 34. మెక్సికో నంబర్లు మన లాగే పది అంకెలు, కోడ్ 52. మీరు మీ నంబరును ఒక్కో అంకెగా చెప్పొచ్చు: సేరొ, ఊనొ, దోస్, త్రేస్, క్వాత్రొ, సీంకొ, సేయిస్, సియేతె, ఓచొ, నుఏబె. అవతలివాళ్ళు మాత్రం జంటలుగా చెబుతారు. 34 ఉంటే "త్రేయింత ఇ క్వాత్రొ" అంటారు. కాబట్టి చెప్పడానికి తొమ్మిది వరకు చాలు, వినడానికి తొంభై తొమ్మిది వరకు కావాలి.

మొబైల్‌ను స్పెయిన్‌లో "మోబిల్" అంటారు, లాటిన్ అమెరికాలో "సెలులార్". ఫోన్ ఎత్తగానే స్పెయిన్‌లో "దీగమె" లేదా "సీ?", మెక్సికోలో "బుఏనొ?" అంటారు.

ఈమెయిల్ అడ్రసు?

"క్వాల్ ఎస్ తు కొర్రేయొ ఎలెక్త్రోనికొ?" మధ్యలో వచ్చే అట్ గుర్తు పేరు "అర్రోబ". ఇది మొదట తూకం పేరు, దాదాపు పదకొండున్నర కిలోలు. నాలుగో వంతు అనే అర్థంలో అరబ్బీ నుంచి వచ్చింది, వ్యాపారులు దాన్ని సూచించడానికి ఈ గుర్తే రాసేవారు. చుక్క "పూంతొ", కింది గీత "గియోన్ బాఖొ", మధ్య గీత "గియోన్".

చిరునామా చెప్పడం?

"దోందె బీబెస్?" అన్నదానికి పరిచయంలో ఊరి పేరు చాలు. పూర్తి చిరునామాలో వీధి పేరు ముందు, ఇంటి నంబరు తర్వాత: "కాయె మయోర్, నూమెరొ సీంకొ, తెర్సేరొ బే". అంటే మయోర్ వీధి, 5వ నంబరు, మూడో అంతస్తు, బి ఫ్లాటు. నేలంతస్తు "ప్లాంత బాఖ", దాని పైనుంచి లెక్క మొదలవుతుంది, మన లాగే. స్పెయిన్ పిన్‌కోడ్ అయిదు అంకెలు, మద్రీద్‌ది 28తో, బార్సిలోనాది 08తో మొదలవుతుంది. ఫ్లాటును స్పెయిన్‌లో "పీసొ", మెక్సికోలో "దెపర్తమేంతొ" అంటారు.

పుట్టినరోజు?

"క్వాందొ ఎస్ తు కుంప్లెఆఞొస్?" జవాబు: "ఎస్ ఎల్ కీన్సె దె అగోస్తొ", ఆగస్టు 15. రాసేటప్పుడు రోజు, నెల, సంవత్సరం, మన వరసే.

పెళ్ళయిందా, జీతమెంత అని అడగొచ్చా?

మన దగ్గర రైల్లో పక్క సీటు వాళ్ళను కూడా అడుగుతాం, అందులో ఆప్యాయతే ఉంటుంది. స్పానిష్ మాట్లాడేవాళ్ళతో తొలి పరిచయంలో జీతం అడగకండి. పెళ్ళి సంగతి వాళ్ళుగా ఎత్తేవరకు ఆగండి. మిమ్మల్ని అడిగితే "ఎస్తోయ్ కసాదొ" లేదా "కసాద", పెళ్ళి కాకపోతే "సోయ్ సొల్తేరొ" లేదా "సొల్తేర". కుటుంబం గురించి మాట్లాడాలనిపిస్తే "తియేనెస్ ఎర్మానొస్?" మంచి ప్రశ్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్నారా అని. అక్క, చెల్లి అని వేరే మాటలు లేవు, రెండూ "ఎర్మాన". పెద్దా చిన్నా చెప్పాలంటే "మయోర్", "మెనోర్" చేర్చాలి.

కలిసినప్పుడు బుగ్గల మీద ముద్దు పెడతారట, ఏం చేయాలి?

స్పెయిన్‌లో ఆడవాళ్ళ మధ్య, ఆడ మగ మధ్య పరిచయంలో రెండు బుగ్గలకూ బుగ్గలు తాకించడం మామూలు. మగవాళ్ళు చేతులు కలుపుకుంటారు. అర్జెంటీనాలో ఒక్కటే, అది మగవాళ్ళ మధ్య కూడా. మీకు ఇబ్బందైతే ముందుగానే చేయి చాచి నవ్వుతూ "మూచొ గూస్తొ" అనండి, ఎవరూ తప్పు పట్టరు.

ఫారం నింపేటప్పుడు ఏం చూసుకోవాలి?

"సేక్సొ" గడిలో హెచ్, ఎమ్ అని ఉంటాయి. ఎమ్ అంటే మేల్ అనుకుని టిక్కు పెట్టే మగవాళ్ళు ఎందరో. అక్కడ హెచ్ "ఓంబ్రె", మగ. ఎమ్ "ముఖేర్", ఆడ. "ఎస్తాదొ సివీల్" అంటే పెళ్ళి వివరం, "ఫేచ దె నసిమియేంతొ" పుట్టిన తేదీ, "దొమిసీలియొ" చిరునామా.

స్పెయిన్ పౌరుల గుర్తింపు నంబరు ఎనిమిది అంకెలు, చివర ఒక అక్షరం. ఆ అంకెలను 23తో భాగించగా మిగిలే శేషాన్ని బట్టి అక్షరం వస్తుంది, కాబట్టి ఒక్క అంకె తప్పు రాసినా యంత్రం పట్టేస్తుంది. విదేశీయులకు ఇచ్చే "నీయె" నంబరు ఎక్స్, వై, జెడ్‌లలో ఒకదానితో మొదలై, ఏడు అంకెలు, చివర అక్షరంతో ముగుస్తుంది. నోటితో చెప్పేటప్పుడు ఎక్స్‌ను "ఏకిస్" అనాలి, జెడ్‌ను "సేత" అనాలి. స్పెయిన్‌లో ఎక్కువమంది దాన్ని నాలుక పళ్ళ మధ్య పెట్టి "థేత" అన్నట్టు పలుకుతారు.

వాళ్ళు వేగంగా మాట్లాడితే?

"మాస్ దెస్పాసియొ, పొర్ ఫబోర్": కాస్త నెమ్మదిగా, దయచేసి. "పుఏదె రెపెతీర్?": మళ్ళీ చెబుతారా? అర్థం కాకుండా "సీ, సీ" అని తల ఊపకండి. తొలి పరిచయంలో ఒకసారి ఊపితే వాళ్ళు మీకు బాగా వచ్చనుకుని ఇంకా వేగం పెంచుతారు.

తెలుగు దారి ఎక్కడైనా తప్పుదోవ పట్టిస్తుందా?

మూడు చోట్ల పట్టిస్తుంది. మనం "మా అమ్మ", "మా ఇల్లు", "మా ఊరు" అంటాం. స్పానిష్‌లో "నుఏస్త్ర" అంటే నిజంగా మనిద్దరిదీ అనుకుంటారు. "మి మాద్రె", "మి కాస" అనండి, నా అమ్మ, నా ఇల్లు. రెండోది, "ఆయన డాక్టరు" అనే వాక్యంలో మనకు క్రియ లేదు, వాళ్ళకు ఉండి తీరాలి: "ఎస్ మేదికొ". మూడోది లింగం. పుస్తకం పుంలింగం, బల్ల స్త్రీలింగం. దానికి తెలుగులో దారి లేదు, ప్రతి మాటనూ దాని ముందుండే "ఎల్", "ల"తో కలిపి నేర్చుకోవాల్సిందే.

పరీక్షల్లో ఇది ఉంటుందా? ఎక్కడ నేర్చుకోవచ్చు?

ఉంటుంది. దేలె అనే అంతర్జాతీయ పరీక్షలో మొదటి మెట్టు ఏ1. అందులో మౌఖికం మొదటి అంశమే స్వపరిచయం, ఒకటి రెండు నిమిషాలు. పేరు, వయసు, దేశం, వృత్తి, భాషలు, ఈ పేజీలో ఉన్నవే. ఆ పరీక్ష చూసే సెర్వాంతెస్ సంస్థకు ఢిల్లీలో కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదువుకోవచ్చు.

మొత్తం కలిపి ఒక సంభాషణ చూపిస్తారా?

మద్రీద్‌లో తరగతి మొదటి రోజు, పక్క సీటులో కొత్త మనిషి. కొత్త మాటలు కొన్నే: "ఓల" అంటే హలో, "సెబీయ" స్పెయిన్‌లో ఒక ఊరు, "అకీ" అంటే ఇక్కడ, "ఎస్తూదియస్ ఓ త్రబాఖస్?" అంటే చదువుతున్నావా, పని చేస్తున్నావా, "మె దాస్" అంటే నాకు ఇస్తావా, "సీ, క్లారొ" అంటే అవును, తప్పకుండా.

– ఓల! కోమొ తె యామస్?
– ఓల, మె యామొ స్నేహ. సె ప్రొనూంసియ కోన్ ఖోత. ఇ తూ?
– సోయ్ కార్లోస్. దె దోందె ఏరెస్, స్నేహ?
– సోయ్ దె ల ఈందియ, దె వరంగల్. ఇ తూ?
– దె సెబీయ, పేరొ బీబొ అకీ. ఎస్తూదియస్ ఓ త్రబాఖస్?
– ఎస్తూదియొ. క్వాంతొస్ ఆఞొస్ తియేనెస్?
– తేంగొ బెయిన్తియూనొ.
– యో, బెయిన్తిదోస్.
– మె దాస్ తు నూమెరొ?
– సీ, క్లారొ.

చివరి నుంచి నాలుగో పంక్తి చూడండి. కార్లోస్ 21 అన్నాడు, "ఆఞొస్" అనలేదు కాబట్టి "బెయిన్తియూనొ" తోక మిగిలింది. స్నేహ "యో" అంది, ఎందుకంటే ఇక్కడ నిజంగానే "నాకైతే" అని వేరు చేసి చెప్పాలి.